మెయిల్ పెట్టెకూ ఒక 1909 కావాలి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ పెద్దలకు,

అయ్యా,

ఫోన్‌కు అక్కర్లేని కాల్ వచ్చినా, ఎస్సెమ్మెస్ వచ్చినా ఫిర్యాదు చేయడానికి దేశంలో ఒక నంబరుంది: 1909. ప్రచార కాల్స్ వద్దని చెప్పే డీఎన్‌డీ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాక కూడా విసిగిస్తే ఫలానా నంబరు నుంచి ఫలానా రోజున వచ్చిందని రాసి పంపొచ్చు. అది ఎంత గట్టిగా పనిచేస్తుందన్నది వేరే ముచ్చట. చెప్పుకోవడానికి ఒక గుమ్మమైతే ఉంది. అదే చెత్త మెయిల్ రూపంలో వస్తే చెప్పుకోవడానికి గుమ్మమే లేదు. ఆ గుమ్మం పెట్టమని అడగడానికే ఈ బహిరంగ లేఖ.

నేను జగిత్యాలలో చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్సులు, లామినేషన్, పాన్ కార్డులు, డిగ్రీ సీట్ల కోసం దోస్త్ రిజిస్ట్రేషన్లు, గ్రూప్స్ దరఖాస్తులు, పాస్‌పోర్టు స్లాట్లు, ఇవీ మా పనులు. వీటిలో చాలా ఫారాల్లో ఎర్రచుక్క పెట్టిన గడి ఒకటి ఉంటుంది, ఈమెయిల్ ఐడీ అని. అది నింపందే పేజీ ముందుకు కదలదు. వచ్చినవాళ్లలో చాలామందికి మెయిల్ ఉండదు. ఉన్నా పాస్‌వర్డు గుర్తుండదు. అప్పటికప్పుడు మేమే ఒకటి తెరిచి, పాస్‌వర్డు రసీదు వెనక రాసిస్తాం. పీఎఫ్ డబ్బుకు పాన్ కావాలన్నారని వచ్చిన బీడీ కార్మికురాలికి మెయిల్ ఐడీతో ఏం పని? ఆమెకేం పని లేదు. మీ ఫారానికే పని.

మళ్లీ ఎప్పుడో ఏదో లెటర్ వచ్చిందేమో చూడమని వస్తారు. తెరిచి చూస్తే మీరు ముందే అప్రూవ్ అయిన లోను, పడిపోయిన క్రెడిట్ స్కోరు, రమ్మీలో బోనస్, కెనడా పీఆర్, ఇంట్లో కూర్చుని సంపాదన, లాటరీ. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట అసలు మెయిల్. బీడీలు చుట్టే అమ్మకు క్రిప్టోలో పెట్టుబడి పెట్టమని ఇంగ్లిష్‌లో పిలుపు! నవ్వొస్తుంది గానీ, జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫొటోలతో, వాట్సాప్ బ్యాకప్‌తో, ఈ చెత్తతో నిండిపోతే కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది. ఇంటర్వ్యూ లెటర్ పంపినవాళ్లకు అది తిరుగుటపాలో పోతుంది. పంపామని వాళ్లంటారు, రాలేదని వీళ్లంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఈ అడ్రసులు వాళ్లకెలా చేరుతున్నాయన్నది పెద్ద రహస్యమేమీ కాదు. జీమెయిల్‌లో ఒక వెసులుబాటు ఉంది. మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మనకే వస్తుంది. నా సొంత ఐడీకి అలా తోకలు తగిలించి ఎవరికి ఏ తోకతో ఇచ్చానో గుర్తుపెట్టుకుంటాను. ఒక కోచింగ్ సంస్థకు మాత్రమే ఇచ్చిన తోకతో అప్పులిచ్చే యాప్ ఒకటి నాకు ఉత్తరం రాసింది. కోచింగ్‌కీ అప్పుకీ ఉన్న చుట్టరికం ఏమిటో వాళ్లనే అడిగాను. డేటా భద్రతకు మేం కట్టుబడి ఉన్నామని ఒక ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆ తర్వాత వాళ్ల కొత్త బ్యాచ్ ప్రకటన కూడా వచ్చింది. మన సైట్లలో చాలావాటికి ప్లస్ గుర్తు మింగుడుపడదు, చెల్లని ఈమెయిల్ అంటాయి. అలాంటిచోట పేరు మధ్యలో చుక్క పెట్టి ఇస్తాను. జీమెయిల్ చుక్కల్ని లెక్కచేయదు కాబట్టి అదీ మనకే చేరుతుంది, ఎవరు అమ్ముకున్నారో ఇట్టే తెలిసిపోతుంది. కానీ తెలిసి ఏం చేయాలి? ఎవరికి ఇవ్వాలి ఈ రుజువు?

విసిగించే మెయిల్ ఒక ఎత్తు, ముంచే మెయిల్ ఇంకో ఎత్తు. మా ప్రాంతం గల్ఫ్ బాట పట్టిన ప్రాంతం. ఏదో పెద్ద చమురు కంపెనీ లోగోతో, ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ వస్తుంది. జీతం దిర్హాముల్లో, కింద ఒక సంతకం, ఒక గుండ్రటి ముద్ర. వీసా ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మన దేశంలోనే ఎవరిదో సొంత ఖాతాకు పంపాలి. విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ల పేర్లన్నీ ఉన్నాయని, ఆ ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి సర్వీసు చార్జీ తీసుకోకూడదని చెబితే పిల్లలు నమ్మరు. 'అన్నా, మెయిల్‌ల అచ్చమైన లెటర్ వచ్చింది గదా' అంటారు. కాగితం మీద ముద్ర ఉంటే నమ్మడం మనకు తాతల నాటి అలవాటు. మోసగాడికీ ఆ సంగతి బాగా తెలుసు.

అంతకంటే దారుణమైనది సమన్ల మెయిల్. రిటైరైన టీచరు ఒకాయన మా సెంటర్‌కు వచ్చి, ఫోన్ నా చేతికివ్వకుండా, గొంతు తగ్గించి, 'రెండు కలర్ కాపీలు తియ్యాలె బిడ్డా, ఎవ్వరికి చూపెట్టకు' అన్నారు. అది పీడీఎఫ్. పైన అశోక చిహ్నం, పక్కన పోలీసు లోగో, కింద పెద్ద అధికారి పేరు, నాలుగు చట్టాల సెక్షన్లు. మీ ఇంటర్నెట్ నుంచి పిల్లల అశ్లీల చిత్రాలు చూసినట్టు తేలింది, 24 గంటల్లో సంజాయిషీ మెయిల్ చేయకపోతే అరెస్టు, మీడియాకు మీ ఫొటో. ఆయన చేయి వణుకుతోంది. నేను మెయిల్ తెరిచి పంపినవాళ్ల పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కాను. పేరు ఢిల్లీ అధికారిది. అడ్రసు మాత్రం ఎవరైనా రెండు నిమిషాల్లో తెరుచుకోగల ఉచిత జీమెయిల్. 'సార్, ప్రభుత్వం నోటీసు జీమెయిల్ నుంచి పంపదు' అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఇలాంటి నకిలీ నోటీసుల గురించి కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఎన్నోసార్లు హెచ్చరించింది, ఒప్పుకుంటాను. ఈ-పాన్ డౌన్‌లోడ్ చేసుకోండి అంటూ తిరిగిన దొంగ మెయిల్ గురించీ చెప్పింది. కానీ ఆ హెచ్చరిక ఆయన దాకా రాలేదు. మెయిల్ మాత్రం వచ్చింది.

ఇక చట్టం సంగతి. ఐటీ చట్టంలో ఒకప్పుడు 66ఏ అనే సెక్షన్ ఉండేది. 2008 సవరణతో వచ్చింది. అందులో మూడో భాగం ఈమెయిల్ గురించే: విసిగించడానికి, ఇబ్బంది పెట్టడానికి, లేదా ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలో మోసపుచ్చడానికి మెయిల్ పంపడం నేరం. స్పామ్, అంటే అడగకుండా గుంపుగా పంపే చెత్త మెయిల్, అన్న మాట వాడకుండానే స్పామ్‌ను తాకిన వాక్యం అదొక్కటే. ఆ సెక్షన్‌ను అడ్డం పెట్టుకుని ఫేస్‌బుక్ పోస్టులకు జనాన్ని అరెస్టు చేశారు. చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు మొత్తం సెక్షన్‌నే కొట్టేసింది. కొట్టేయడం మంచి పనే, నాకు అందులో రెండో మాట లేదు. కానీ దానితోపాటు పోయిన ఆ మెయిల్ వాక్యం జాగాలో కొత్తది ఒక్కటీ రాయలేదు. పదేళ్లు దాటింది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు 2018లో తెచ్చిన నిబంధనలు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే. ఇప్పుడు వ్యాపార ఎస్సెమ్మెస్ హెడర్, అంటే పంపినవారి పేరు, చివర ప్రచారానికి పీ, సేవకు ఎస్, లావాదేవీకి టీ, ప్రభుత్వానికి జీ అని అక్షరం కూడా వస్తోంది. బాగుంది. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ మోసాల కోసం పెట్టారు. అదీ బాగుంది. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అనుమానిత ఈమెయిల్ ఐడీని కూడా నమోదు చేయొచ్చు. అది నేరానికి. మోసం కాని, నేను అడగని, ఆపమన్నా ఆపని వ్యాపార మెయిల్‌ను ఎవరూ తమదనుకోవడం లేదు. ట్రాయ్ పరిధిలోది కాదు, పోలీసులకు నేరం కాదు, కన్జ్యూమర్ కోర్టుకు పోదామంటే నేను ఏం కొన్నానని?

అమెరికా వాళ్లు 2003లోనే క్యాన్-స్పామ్ అనే చట్టం చేసుకున్నారు. నిజానికి అది అంత గొప్ప చట్టమేమీ కాదు, ముందుగా అనుమతి అడగాలని కూడా అందులో లేదు. కానీ వద్దని చెప్పాక పది పనిదినాల్లో ఆపాలి, వద్దని చెప్పడానికి డబ్బు అడగకూడదు, మెయిల్‌లో సొంత చిరునామా రాయాలి. తప్పితే ఒక్కో మెయిల్‌కు 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడొచ్చు. కెనడా ఇంకా గట్టిది. 2014 జులై నుంచి అక్కడ అనుమతి లేనిదే వ్యాపార మెయిల్ పంపకూడదు, కంపెనీకి కోటి డాలర్ల దాకా జరిమానా ఉంది, వచ్చిన స్పామ్‌ను జనం ఫార్వర్డ్ చేయడానికి ప్రభుత్వమే ఒక మెయిల్ అడ్రసు పెట్టింది. న్యూజెర్సీలో ఉన్న మా మేనమామ కొడుకు అక్కడి దుకాణం మెయిళ్లు ఒక్క నొక్కుతో ఆపుకుంటాడు. నేను ఇక్కడ ఒక షాపింగ్ సైట్ మెయిల్ ఆపాలంటే అడుగున ఎక్కడో తెల్ల కాగితం మీద సున్నంతో రాసినట్టున్న అన్‌సబ్‌స్క్రైబ్ వెతుక్కోవాలి, అది నొక్కితే లాగిన్ అవ్వమంటుంది, లాగిన్ అయితే ఎందుకు వెళ్లిపోతున్నారని ప్రశ్నలు అడుగుతుంది.

మీ చేతిలో ఆయుధం లేదనడానికీ లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని అందులో రాశారు. సమ్మతి అడిగే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలనీ రాశారు. అంటే తెలుగులో కూడా. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అసలు బాధ్యతలు అమలవడానికి 18 నెలలు గడువిచ్చారు. ఆ గడువు కంపెనీలకు సర్దుకోవడానికి కదా. ఆలోపు మీరూ ఒక పని సర్దుకోండి: అడగని వ్యాపార మెయిల్ కూడా సమ్మతి ఉల్లంఘనేనని, దానిమీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో ఒక స్పష్టమైన ఉత్తర్వు. ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు చేరడానికి లాయరు అవసరం పడితే మా దగ్గరికొచ్చే జనానికి అది లేనట్టే లెక్క.

ఈలోగా మమ్మల్ని ఎవరు కాపాడుతున్నారో తెలుసా? ప్రైవేటు కంపెనీలు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఒక నియమం పెట్టింది. రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవాళ్లు తాము ఎవరో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పద్ధతుల్లో నిరూపించుకోవాలి. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలి, అడిగిన రెండు రోజుల్లో ఆపాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. యాహూ కూడా ఇదే బాట. వెయ్యి మందిలో ముగ్గురు రిపోర్ట్ స్పామ్ నొక్కితే పెద్ద పెద్ద కంపెనీలకు చెమటలు పడతాయన్నమాట. మా సెంటర్‌కు వచ్చే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. డిలీట్ చేస్తే మీ ఒక్కరి డబ్బా ఖాళీ అవుతుంది. రిపోర్ట్ చేస్తే పంపినవాడి పరపతి పడిపోతుంది.

ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం కూడా కొంచెం వివరంగా చెబుతాను, శాఖ పెద్దలు ఓపిక పట్టాలి. మెయిల్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే బ్లాక్ కనిపిస్తుంది. చాలామంది అది నొక్కి పని అయిపోయిందనుకుంటారు. బ్లాక్ చేస్తే ఆ ఒక్క అడ్రసు నుంచి వచ్చేవి మాత్రమే స్పామ్‌లోకి పోతాయి. స్పామ్ వాడు రేపు ఇంకో అడ్రసుతో వస్తాడు. బ్లాక్ పనికొచ్చేది తెలిసిన మనిషి విసిగిస్తున్నప్పుడు, అడ్రసు మార్చని చిన్న వ్యాపారి విసిగిస్తున్నప్పుడు. ముక్కూమొహం తెలియని చెత్తకు రిపోర్ట్ స్పామే సరైనది. బ్యాంకునని, ఆదాయపు పన్ను శాఖనని, పోలీసునని వేషం వేసి వచ్చిన దానికి కంప్యూటర్‌లో తెరిస్తే అదే మూడు చుక్కల కింద రిపోర్ట్ ఫిషింగ్ అని విడిగా ఉంటుంది. అది వాడాలి. దొంగ రిఫండ్ మెయిళ్లను ఆదాయపు పన్ను శాఖకూ, సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కూ ఫార్వర్డ్ చేయొచ్చు. అడ్రసులు ఆ శాఖ సైట్‌లోనే ఉంటాయి. ఫార్వర్డ్ చేశాకే తీసేయండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వాల్సిన మెయిల్ అయితే అసలే తీసేయొద్దు. స్క్రీన్‌షాట్‌లో కనిపించనిది, మెయిల్ ఏ సర్వర్ మీదుగా వచ్చిందన్న చరిత్ర, అసలు మెయిల్‌లోనే ఉంటుంది. కంప్యూటర్‌లో షో ఒరిజినల్ నొక్కితే అది బయటపడుతుంది. పైన చెప్పిన మూడు పరీక్షల్లో పాసైందో ఫెయిలైందో కూడా అక్కడే రాసి ఉంటుంది.

అన్‌సబ్‌స్క్రైబ్‌తో మాత్రం జాగ్రత్త. మీరు ఎప్పుడో కొన్న దుకాణం, చేరిన వెబ్‌సైట్ అయితే నొక్కండి, పంపినవాళ్ల పేరు పక్కన జీమెయిల్ చూపించే బటన్ అయితే ఇంకా మంచిది. ఎవరో తెలియని వాడి మెయిల్ అడుగున ఉన్న లింకు నొక్కారంటే, ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాడికి మీరే చాటింపు వేసినట్టు. ఇంకొకటి, స్పామ్ ఫోల్డర్‌ను అప్పుడప్పుడూ తెరిచి చూడాలి. 30 రోజులు దాటినవి అందులోంచి వాటంతటవే పోతాయి. హాల్‌టికెట్ మెయిల్ అందులో పడి పోగొట్టుకున్న అభ్యర్థుల్ని నేను చూశాను. నాట్ స్పామ్ నొక్కి బయటికి తెస్తే తర్వాత వచ్చేవి సరైన చోటికి వస్తాయి.

ఈ చివరి సంగతిలో మీ వాటా కూడా ఉంది సార్. అసలు ప్రభుత్వ మెయిల్ స్పామ్‌లో ఎందుకు పడుతుంది? పంపే సంస్థ డొమైన్‌కు, అంటే మెయిల్‌లో @ తర్వాత ఉండే చిరునామాకు, ఆ మూడు నిరూపణలు సరిగ్గా పెట్టకపోతే పడుతుంది. నోటిఫికేషన్ ఒక పోర్టల్‌లో, మెయిల్ ఎవరో కాంట్రాక్టరు పేరుతో ఉన్న డాట్ కామ్ నుంచి, ఫీజు మూడోచోట. ఇలా ఉంటే అసలేదో నకిలీ ఏదో మేం పిల్లలకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? రిజర్వ్ బ్యాంకు ఈ విషయంలో మంచి పని చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలంది. దాంతో మేం ఒక్క మాటలో చెప్పగలుగుతున్నాం: చివర అది ఉందా లేదా చూడు, మధ్యలో గీత పెట్టి డాట్ కామ్ అని ముగిస్తే నమ్మకు. పరీక్షలకు, ఉద్యోగాలకు, నోటీసులకు వెళ్లే ప్రతి మెయిల్ కూడా డాట్ గవ్ డాట్ ఇన్ నుంచే వెళ్లాలని, కాంట్రాక్టరైనా సరే ఆ గొడుగు కిందే పంపాలని మీరు ఒక నియమం పెడితే మా పని సగం తగ్గుతుంది. టీచరు సారు లాంటివాళ్ల భయం కూడా.

అడిగేవి ఎక్కువేమీ కావు. చెత్త మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే తీసుకునే ఒక అడ్రసు, తీసుకున్నట్టు తెలుగులో ఒక రసీదు నంబరు. వద్దన్నాక ఆపడానికి పది రోజులు మించని గడువు, ఆపకపోతే జరిమానా. కంపెనీ అమ్ముకున్నట్టు ప్లస్ గుర్తు లాంటి రుజువు చూపితే ఆ డేటా ఎక్కడినుంచి వచ్చిందో అమ్మినవాడే చెప్పుకోవాల్సిన భారం. నాలుగోది మీ చేతిలో పూర్తిగా ఉన్నది, చట్టం అక్కర్లేనిది: మెయిల్ లేకుండా జరిగిపోయే పనుల్లో ఆ గడికి ఉన్న ఎర్రచుక్క తీసేయండి. ఫోన్ నంబరు, ఓటీపీ ఉన్నాక అలాంటి పనులకు మెయిల్ ఎందుకు? తీసుకోని అడ్రసును ఎవరూ అమ్ముకోలేరు.

స్వేచ్ఛ పేరుతో ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. 66ఏ చేదు అనుభవం ఉంది కాబట్టి స్పామ్ చట్టం పేరుతో మళ్లీ జనం రాతల మీద పడకూడదు. అందుకే జైలు శిక్షలు అడగడం లేదు. వ్యాపారం కోసం గుంపుగా పంపే మెయిల్‌కే ఇది పరిమితమని మొదటి వాక్యంలోనే రాయండి. ఒక మనిషి ఇంకో మనిషికి కోపంతో రాసిన ఉత్తరం జోలికి పోవద్దు. చిన్న వ్యాపారులకు కష్టమంటారా, పచ్చళ్లు అమ్ముకునే ఆమె తన ఖాతాదారులకు మెయిల్ పంపితే వాళ్లు అడిగే పంపించుకున్నారు. ఆమెకు ఇబ్బందేమీ రాదు.

ఈ లేఖకు జవాబు ఇచ్చే బాధ్యత ఏ విభాగానిదో తేల్చి చెప్పినా నాకు మొదటి మెట్టు ఎక్కినట్టే. ఆ విభాగం పేరు, ఫిర్యాదు పంపాల్సిన అడ్రసు తెలిస్తే పెద్దక్షరాలతో ప్రింటు తీసి మా సెంటర్ గోడకు అంటిస్తాను, పక్క మండలాల్లోని నెట్ సెంటర్ల వాళ్లకూ పంపుతాను.

ఇట్లు,
జగిత్యాలలో నెట్ సెంటర్ నడిపే ఒక పౌరుడు